ఎల్లారెడ్డి బస్సులో త్రివేణి గారి నవల

పందొమ్మిది వందల తొంభయ్యవ సంవత్సరం ఆగస్టు పదహారవ తేదీ, గురువారం ఉదయం, గాంధారి మండల ప్రజా పరిషత్ కార్యాలయంలో టైపిస్టుగా శ్రీమతి త్రివేణి గారు ఉద్యోగ బాధ్యతలు స్వీకరించారు. ఆనాడు వారి చేతిసంచిలో నియామక ఉత్తర్వు, అన్నం డబ్బా, పాత క్యాలెండరు కాగితంతో అట్ట వేసిన ఒక నవల ఉన్నాయట. ఉత్తర్వు ఆ సాయంత్రానికే ఫైలులో చేరిపోయినా మిగిలిన రెండూ నేటి వరకు ఆ సంచిని విడిచిపోలేదని వారే పలుమార్లు సెలవిచ్చారు. సుదీర్ఘమైన, నిష్కళంకమైన సేవానంతరం ఈ నెలాఖరున వారు పదవీ విరమణ చేయనున్న శుభ సందర్భాన్ని పురస్కరించుకొని, ఈ అభినందన సంచికకు నాలుగు మాటలు రాయవలసిందిగా ఉద్యోగ మిత్రులు నన్ను ఆదేశించారు. శుభ సందర్భం అని రాశాను గానీ, కొన్నాళ్లుగా ఈ కాగితం ముందు కూర్చోవడానికి జంకుతూనే ఉన్నాను. ఎందుకో క్రమంగా మనవి చేస్తాను.

నా పేరు పర్శరాములు. ఎల్లారెడ్డి మండల పరిషత్ కార్యాలయంలో వారి కింద సీనియర్ అసిస్టెంటును. కామారెడ్డి నుంచి రోజూ పోయి వచ్చే బస్సులో వారి వెనక సీటువాడిని. ఈ రెండు హోదాల్లో రెండవదే పెద్దదని నా అభిప్రాయం.

బీబీపేటలో ఒక వ్యవసాయ కుటుంబంలో జన్మించిన త్రివేణి గారు, గాంధారిలో పనిచేసిన తొలి సంవత్సరాల్లోనే తమ కార్యదక్షతను చాటుకున్నారు. తండాల నుంచి పింఛను కాగితాల కోసం వచ్చి వరండాలో పడిగాపులు పడే వృద్ధులకు ఏ రోజు పని ఆ రోజే పూర్తి చేసి పంపేవారని, పని పూర్తయ్యేలోగా వాళ్లకు విసుగు రాకుండా మధ్యాహ్నం పూట కథలు చదివి వినిపించేవారని ఆనాటి అటెండరు పెద్దవ్వ ఇప్పటికీ చెప్పుకుంటుంది. తదుపరి జూనియర్ అసిస్టెంటుగా కామారెడ్డిలోనూ, సీనియర్ అసిస్టెంటుగా ఎల్లారెడ్డిలోనూ వారు సేవలందించారు. మహారాష్ట్ర సరిహద్దున డోంగ్లి కొత్త మండలమైనప్పుడు, ఇంకా కుర్చీలు కూడా సరిగ్గా చేరని కార్యాలయానికి డెప్యుటేషన్‌పై వెళ్లి, మరాఠీలో అడిగినవారికి మరాఠీలోనే సమాధానం చెప్పగలిగే స్థాయికి చేరుకొని తిరిగి వచ్చారు. అక్కడ కూడా భోజన విరామంలో ఏదో ఒక నవల సాగుతూనే ఉండేదని విన్నాను. సూపరింటెండెంటుగా ఎల్లారెడ్డిలో వారి అజమాయిషీ గురించి నేను వేరే చెప్పనవసరం లేదు. వారి కలం కింద నలిగిన మా ముసాయిదాలే సాక్ష్యం చెబుతాయి.

ఇక బస్సు సంగతి. ఒక వానాకాలపు ఉదయం లింగంపేట దగ్గర వాగు పొంగి మా బస్సు రోడ్డు మీదే నిలిచిపోయింది. అందరూ వాగును తిట్టుకుంటూ కూర్చుంటే, త్రివేణి గారు ఒళ్లో నవల పెట్టుకొని, దాన్ని తెరవకుండా, దాని అట్టను నిమురుతూ కూర్చున్నారు. కామారెడ్డి మార్కెట్లో పూలు కొని ఎల్లారెడ్డిలో అమ్ముకునే యాదవ్వ పక్కనే గంప పట్టుకొని ఉంది. అందులో ఏముందమ్మా అని అడిగింది. త్రివేణి గారు మొదటి పేజీ నుంచి పైకి చదవడం మొదలుపెట్టారు. వాగు తగ్గి బస్సు కదిలింది గానీ చదవడం ఆగలేదు. ఆ రోజు నుంచి పోయేటప్పుడు కొంత, వచ్చేటప్పుడు కొంత, నవల తరువాత నవల సాగుతూనే ఉంది. ఉపాధ్యాయులు, బ్యాంకు ఉద్యోగులు, కూలికి పోయేవారు, కోర్టు వాయిదాలకు పోయేవారు, అందరూ శ్రోతలే. సొంతకారు కొన్న ఒక మాస్టారు కథ మధ్యలో ఉందని వారం రోజులు ఆ కారును ఇంట్లోనే ఉంచి బస్సెక్కారు.

ఈ పఠనానికి త్రివేణి గారు విధించిన నియమాలు కఠినమైనవి. గమ్యం చేరి బస్సు ఆగిన చోట కథ ఆగాలి. వర్ణన వచ్చిందని పేజీలు దాటవేయకూడదు. ఒకసారి నేను తొందరపెడితే "కథల వాన పడితె మనం గూడ తడవాలె" అని మందలించారు. అన్నింటికంటే ముఖ్యం, ముందు పేజీలు తిప్పి చూడకూడదు. వారు కూడా చూసేవారు కారు. మాతోపాటే, మాతో సమానంగా, తరువాతి పేజీలో ఏముందో తెలియకుండా చదివేవారు. పాత్రకు ఆపద వస్తే వారి గొంతు సన్నబడేది, పేజీ తిప్పే చేతికి చెమట పట్టేది. గొప్పగా నటిస్తున్నారని కొత్తవాళ్లు అనుకునేవారు.

గ్రంథాలయం నుంచి తెచ్చిన నవలలతో ఒక చిక్కుంది. ముందు చదివిన మహానుభావులు అంచుల్లో పెన్సిలుతో జరగబోయేది రాసి పెడతారు. 'ఇతను చస్తాడు', 'ఈమే దొంగ', 'ఇక్కడ ఏడుపు వస్తుంది, చేతిరుమాలు పెట్టుకోండి' వంటి పరోపకారాలు. కనుక ప్రతి పుస్తకాన్నీ ముందుగా నాకు ఇచ్చి, రబ్బరుతో ఆ రాతలన్నీ చెరిపిన తరువాతే త్రివేణి గారు తెరిచేవారు. నా నోట్లో నువ్వుగింజ నానదని మా ఇంట్లో పేరు. అటువంటి నేను, హత్య ఎవరు చేశారో తెలిసి కూడా, ఎవరు చేశారా అని వాదించుకునే బస్సులో నోరు మూసుకొని కూర్చోవలసి వచ్చేది. వారి కింద నేను నేర్చుకున్న క్రమశిక్షణలో అధికభాగం అదే.

ఈ సందర్భంలో ఒక సంఘటన స్మరించక తప్పదు. ఒక నవలలో వరద మధ్య ఎడ్లబండిలో ఒక స్త్రీకి నొప్పులు మొదలయ్యాయి. పరిస్థితి విషమిస్తున్న ఘట్టంలో రెండు పేజీలు అంటుకుపోయి ఉండడంతో త్రివేణి గారు చదవడం ఆపి, చిరగకుండా వాటిని విడదీసే ప్రయత్నంలో పడ్డారు. ఇక బస్సులో గగ్గోలు మొదలైంది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకుంటున్నారు. ఒకరు బిడ్డ అడ్డం తిరిగిందన్నారు, మరొకరు తల్లి దక్కదన్నారు. యాదవ్వ అయితే లేచి నిలబడి, "గింత నెత్తురు పోతుంటె దవాఖానకు తోల్కపోరా? ఆడమనిషి సచ్చిపోతది గద" అని కోప్పడింది. ఆనాటి డ్రైవరు మైసన్న ఆ దారికి కొత్త. అద్దంలో వెనక్కి చూశాడు, మరొక మాట అడగకుండా బస్సును దారిలోని సర్కారు దవాఖాన గేటులోకి తిప్పాడు. హారను విని నర్సమ్మ స్ట్రెచరుతో పరుగెత్తుకు వచ్చింది. పేషెంటు ఎవరని అడిగితే బస్సంతా త్రివేణి గారి చేతిలోని పుస్తకంవైపు చూసింది. చివరికి త్రివేణి గారు సిగ్గుపడుతూ దిగి పుస్తకం చూపించారు. నర్సమ్మ ఆ పేజీలను ఓపిగ్గా, ఒక్క అక్షరం కూడా చిరగకుండా విడదీసి, తరువాత ఏమైందని అడిగింది. ప్రసవం అయ్యేదాకా బస్సు అక్కడి నుంచి కదలలేదు.

ఆ రోజు ఆలస్యానికి అధికారి సంజాయిషీ కోరారు. కథాంతర్గతమైన గర్భిణి పరిస్థితి విషమించినందున విలంబం సంభవించిందని, ప్రస్తుతం తల్లీ బిడ్డా క్షేమమని, ఇకముందు ఇట్టిది జరగకుండా చూసుకుంటామని త్రివేణి గారు శుద్ధ కార్యాలయ భాషలో రాసి ఇచ్చారు. అధికారి చదివి, కాగితాన్ని ఫైలులో పెట్టవద్దని చెప్పి, సాయంత్రం ఆ నవల పేరు అడిగి తెలుసుకున్నారు. మైసన్న మాత్రం ఆ తరువాత ఎప్పుడు ఆ దారికి వచ్చినా, బస్సు తీసే ముందు ఇవాళ కథలో అందరూ బాగున్నారా అని కనుక్కునేవాడు.

ఇటీవల కాలం మారింది. ఆడవాళ్లకు టికెట్టు లేని ప్రయాణం వచ్చాక బస్సులో కాలు పెట్టే సందు ఉండదు. త్రివేణి గారు ఒక చేత్తో కమ్మీ పట్టుకొని మరొక చేత్తో నవల పట్టుకొని, నిలబడే చదివిన రోజులున్నాయి. ప్రతి అరచేతిలోనూ ఫోను, ప్రతి చెవిలోనూ పాట. అయినా వారి గొంతు మొదలైతే ఒక్కొక్క చెవిలోంచి ఆ తీగలు జారిపోవడం నేను చూశాను. చూసిన ప్రతిసారీ సంతోషంతోపాటు భయం కూడా వేసేది. ఈ గొంతు ఆగిపోతే ఆ చెవులు మళ్లీ మూసుకుపోతాయి గదా అని.

ఆ రోజు దగ్గరపడనే పడింది. పదవీ విరమణకు ముందు చివరిదిగా వారు ఎంచుకున్న నవల, తలగడంత లావున్నది. జాతరలో తప్పిపోయిన కూతురి కోసం ఒక తల్లి ఊరూరా తిరగడమే అందులోని కథ. ఆ పిల్ల దొరుకుతుందా అన్న ఆందోళన బస్సులో రోజురోజుకూ పెరుగుతోంది గానీ పేజీలు తరగడం లేదు. నెలాఖరుకు ఈ నవల పూర్తి కాదని అందరికీ అర్థమైపోయింది. కొందరు బస్సు నెమ్మదిగా నడపమని డ్రైవర్లను బతిమాలారు. కొందరు వర్ణనలు వదిలేయమన్నారు, త్రివేణి గారు అంగీకరించలేదు. రిటైరయ్యాక కూడా బస్సెక్కమని యాదవ్వ అడిగితే, ఉద్యోగం లేకుండా ఏమని రోజూ బయలుదేరను అని నవ్వి ఊరుకున్నారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ముఖం ఒకటి చెబుతుంటే కళ్లు మరొకటి చెప్పినట్టుంది.

గత వారం భోజన విరామంలో నేనే ధైర్యం చేసి, మిగిలిన భాగం ఇంట్లో కూర్చొని నింపాదిగా చదువుకోవచ్చు గదా మేడం అన్నాను. వారు డబ్బా మూత పెట్టేశారు. అన్నం సగం అలాగే ఉంది. తల ఎత్తి, "నేను ఇంట్ల ఒక్క నవల గూడ సదవలేదు పర్శరాములూ. తెరుస్త. రెండు పేజీలు కాంగనే గుండె దడొస్తది, మూస్త" అన్నారు.

నవలలంటే చెవి కోసుకునే మనిషి నోటి నుంచి ఆ మాట విని నేనూ నా డబ్బా మూసి, ఎందుకని అడిగాను. అప్పుడు వారు చెప్పింది ఇది. చిన్నప్పుడు బీబీపేటలో, కొట్టం అటక మీద ఒంటరిగా కూర్చొని ఒక నవల చదివారట. అందులో వారు ఎంతో ఇష్టపడిన కుర్రవాడు చెరువులో పడి చనిపోయాడు. ఆ పూట అన్నం సహించలేదు. ఎందుకని ఇంట్లో గుచ్చి గుచ్చి అడిగితే చెప్పారు. లేని మనిషి కోసం ఏడుస్తావా అని ఇంటిల్లిపాదీ పగలబడి నవ్వారు. ఆ తరువాత ఆ దుఃఖాన్ని ఎవరితోనూ పంచుకోలేక, మరిచిపోలేక, జ్వరం వచ్చి పడుకున్నారు. అప్పటి నుంచి ఒంటరిగా నవల చదవడమంటే భయం. చదవకుండా ఉండడం అంతకంటే భయం.

"ఒక్కదాన్నే సదివితె ఆ మనిషి సచ్చిపోయిన సంగతి నాకొక్కదానికే ఎరుక. సచ్చినోళ్లను నలుగురు మొయ్యాలె గద. పుస్తకంల సచ్చినోళ్లనైనా అంతే" అన్నారు.

గాంధారి వరండాలో, డోంగ్లి కార్యాలయంలో, మా బస్సులో వారు చదివిందంతా మా మీద దయతో అనుకున్నాం. అందుకు ఎన్నోసార్లు కృతజ్ఞతలు కూడా చెప్పుకున్నాం. నిజానికి వారికి మేము కావలసి వచ్చాం. ఈ విషయం తెలిశాక వారి మీద నాకు గౌరవం ఇసుమంతైనా తగ్గలేదు, ప్రేమ మాత్రం పెరిగింది. ఎందుకంటే ఆ బరువు ఎటువంటిదో కొంత నాకూ తెలుసు. జాతరలో తప్పిపోయిన పిల్ల నవలను కూడా రబ్బరుతో తుడిచింది నేనే. ఆ ముగింపు బస్సు మొత్తంలో నాకొక్కడికే తెలుసు. తెలిసిన నాటి నుంచి ఆ పిల్ల పేరు వినిపిస్తే కిటికీలోంచి బయటికి చూస్తున్నాను.

ఇది సంచికలో రాయవచ్చునా అని అడిగాను. రాయమన్నారు. ఇంట్లో వారికి తెలియాలనే ఉంది గానీ తమ నోటితో చెప్పుకోలేనని, చిన్ననాటి నవ్వులు ఇంకా చెవిలోనే ఉన్నాయని అన్నారు. రాస్తానని మాట ఇచ్చాను గానీ, ఇంటివారు నొచ్చుకుంటారేమో, వీడ్కోలు సభలో పదిమంది నవ్వుతారేమో అని అడకత్తెరలో పోకచెక్కలాగా నలిగిపోయాను.

అంతలో మొన్న ఆదివారం, ఈ సంచికలో ప్రచురించడానికి కుటుంబ ఛాయాచిత్రం ఇవ్వడానికి వారి భర్త కిష్టయ్య గారు మా ఇంటికి విచ్చేశారు. కామారెడ్డిలో బోరు మోటార్ల వైండింగు దుకాణం వారిది. కాలిపోయిన ఎన్ని మోటార్లకు ప్రాణం పోశారో లెక్క లేదు గానీ, మనిషి మితభాషి. చాయ తాగారు, ఫోటో ఇచ్చారు, లేవబోయి మళ్లీ కూర్చున్నారు. చెప్పులవైపు చూస్తూ, "ఆ తల్లికి పిల్ల దొరుకుతదా సార్?" అని అడిగారు.

ఏ తల్లి అని అడగబోయి ఆగిపోయాను. కిష్టయ్య గారు మా బస్సు ఎన్నడూ ఎక్కలేదు. ఆ నవల వారి ఇంట్లో ఎవరూ చదవలేదు. నా ఆశ్చర్యం గమనించి, తప్పు చేసినవాడిలా మెల్లగా చెప్పుకొచ్చారు. సాయంత్రం బస్సు దిగిన యాదవ్వ, మిగిలిన పూలగంపతో వారి దుకాణం ముందు నుంచే ఇంటికి పోతుంది. రోజూ ఒక మూర మల్లెలు కొంటూ, ఆ రోజు బస్సులో కథ ఎంత దాకా వచ్చిందో ఆమెను అడిగి చెప్పించుకుంటారట. ఇన్నేళ్లలో ఒక్క నవల కూడా తప్పిపోలేదు. వరదలో ప్రసవమైన స్త్రీ సంగతి తెలుసు. దవాఖానలోకి పోయిన బస్సు సంగతీ తెలుసు. కథలో ఎవరైనా చనిపోయిన రోజున పూలు తీసుకొని ఇంటికి పోయి, భార్య ముఖం చూసి, ఏమీ తెలియనట్టు అన్నానికి కూర్చునేవారట. ఎవరికీ చెప్పవద్దని యాదవ్వ దగ్గర ఒట్టు వేయించుకున్నారు.

మరి ఇంట్లో ఒక్క మాటైనా అనలేదేమని అడిగాను. "ఆమె పుస్తకం తెరుసుడు, మూసుడు నేను చూస్తనే ఉన్న సార్. నాకు సదువు రాదు. పక్కన పోయి కూసుంటె ఆమెకు నామోషైతదేమోనని కూసోలె" అన్నారు.

నాకు కన్నీళ్లు ఆగలేదు. దాచుకోవడానికి ఫోటోను పరిశీలిస్తున్నట్టు నటించాను. నవ్వుతారేమోనని ఆమె, చిన్నబుచ్చుకుంటుందేమోనని ఆయన, ఒకే కప్పు కింద, ఒకే కథను చెరొక మూల మోస్తూ వచ్చారు. పిల్ల దొరుకుతుందో లేదో నన్ను చెప్పమంటారా అని అడిగితే కిష్టయ్య గారు చేతులు అడ్డంగా ఊపారు. "చెప్పకుండ్రి. ఆమె సదివితెనే వింట" అన్నారు. తన సంగతి కూడా ఆమెతో చెప్పుకోలేనని, ఎట్లాగూ రాస్తున్నారు గనుక అది కూడా నన్నే రాయమని కోరి, సెలవు తీసుకున్నారు.

కనుక త్రివేణి గారూ, మీరు చెప్పమన్నది వారికి, వారు చెప్పమన్నది మీకు, ఈ వ్యాసం ద్వారా విన్నవించుకుంటున్నాను. ఇందులో నా తప్పుంటే మన్నించగలరు. మీరు బస్సులో కన్నీళ్లు పెట్టుకున్న ప్రతి మనిషి కోసమూ మీ ఇంట్లో మరొకరు బాధపడ్డారు. ఇంతకాలం మీరు ఒక్కరే తెరిచి మూసిన పుస్తకాన్ని, ఇకమీదట పక్కన మరొక కుర్చీ వేసుకొని తెరవండి. సోమవారం నుంచి మా బస్సులో ఎవరు చదువుతారో నాకు తెలియదు. అందరూ నావైపు చూస్తున్నారు, నేను కిటికీవైపు చూస్తున్నాను. మా సంగతి మేము చూసుకుంటాం.

కార్యాలయ సిబ్బంది పక్షాన, ఎల్లారెడ్డి బస్సు ప్రయాణికులందరి పక్షాన, మీకు సంపూర్ణ ఆరోగ్యాన్ని, మసకబారని కంటిచూపును, అలసట ఎరుగని కంఠస్వరాన్ని, కిష్టయ్య గారితో కలసి ఎన్నో నవలలకు సరిపడే దీర్ఘాయుష్షును ఆ భగవంతుడు ప్రసాదించాలని మనసారా ఆకాంక్షిస్తున్నాను. కిష్టయ్య గారికి మాత్రం ప్రత్యేకంగా ఒక మనవి. ఈ నవల ముగింపు తెలిసినవాడిగా చెబుతున్నాను, ఆఖరి ప్రకరణం చదివే రోజున దయచేసి దుకాణం తెరవకండి.